పెద్దవారికి శస్త్రచికిత్స: తేదీ ఖరారు చేసుకునే ముందు

“డాక్టరుగారూ, అమ్మకు 78 ఏళ్లు. ఈ వయసులో మత్తు తట్టుకుంటుందా?”

మత్తు వైద్యుడిగా పనిచేసిన కాలమంతటిలో నేను అత్యధికంగా విన్న ప్రశ్న ఇది. ఉద్యోగ విరమణ చేసిన తరువాత కూడా వింటూనే ఉన్నాను. అడిగేవారి ఆందోళన సహజమైనదే. అయితే ఈ ప్రశ్నలో రెండు అపోహలు దాగి ఉన్నాయి. ప్రమాదమంతా మత్తులోనే ఉన్నదనుకోవడం మొదటిది. నేటి మత్తుమందులు, పరికరాలు మెరుగైనవి. ఆపరేషను సాగినంతసేపూ పక్కనే ఉండి ప్రతి శ్వాసనూ గమనించే వైద్యుడు ఉంటాడు. ముందుగా నిర్ణయించుకొని చేయించుకొనే శస్త్రచికిత్సలో బల్ల మీదనే ప్రాణం పోవడం చాలా అరుదు. వృద్ధులకు కష్టాలు సాధారణంగా ఆపరేషను ముగిసిన తరువాత, వార్డులో, రెండవ నాడో అయిదవ నాడో మొదలవుతాయి. ఊపిరితిత్తులలో నెమ్ము చేరడం, మూత్రపిండాలు మందగించడం, గుండెపోటు, కుట్లు మానకపోవడం, మతి తప్పి పలవరించడం, మంచం దిగలేకపోవడం, ఇవి అసలు ఉపద్రవాలు. ఇక రెండవ అపోహ, వయసును ఒక అంకెగా తీసుకొని ఆ అంకెలోనే సమాధానం వెతకడం.

వైద్యులు కూడా ఒకప్పుడు అలాగే వెతికారు. శస్త్రచికిత్స సమయంలో గుండెకు కలిగే ముప్పును లెక్కకట్టడానికి 1977లో గోల్డ్‌మన్ బృందం తయారు చేసిన పట్టికలో 70 ఏళ్లు దాటడం ఒక ముప్పు కారణంగా చోటు చేసుకొన్నది. ఆ పట్టికను సవరించి 1999లో థామస్ లీ బృందం రూపొందించిన సూచికలో ఆరు అంశాలు మాత్రమే ఉన్నాయి: శస్త్రచికిత్స పెద్దది కావడం, గుండె రక్తనాళాల వ్యాధి, గుండె వైఫల్యం, గతంలో పక్షవాతం, ఇన్సులిన్ అవసరమైన మధుమేహం, క్రియాటినిన్ 2 మిల్లీగ్రాములకు మించి ఉండడం. వయసు అందులో లేదు. వయసు నిర్దోషి అని దీని అర్థం కాదు. ఏళ్లు గడిచినకొద్దీ మూత్రపిండాల వడపోత తగ్గుతుంది, ఊపిరితిత్తుల సాగే గుణం తగ్గుతుంది, కండ కరుగుతుంది. ఆ నష్టం అందరిలోనూ ఒకే వేగంతో జరగదు. 82 ఏళ్ల వయసులో రోజూ పొలం గట్లమీద నడిచి వచ్చే రైతునూ, 66 ఏళ్లకే సోఫాకు అంటిపెట్టుకొని ఉండే విశ్రాంత ఉద్యోగినీ పక్కపక్కన చూస్తే ఈ సంగతి ఏ సూచికా లేకుండానే అర్థమవుతుంది.

ఇక్కడ నేను చెబుతున్నది తొందర లేని, ముందుగా నిర్ణయించుకొని చేయించుకొనే శస్త్రచికిత్సల గురించి మాత్రమే. మోకీళ్ల మార్పిడి, హెర్నియా, ప్రోస్టేటు, పిత్తాశయంలో రాళ్లు వంటివి. తుంటి ఎముక విరిగితే కథ వేరు. దానిని వీలైనంత త్వరగా, ఒకటి రెండు రోజులలో సరిచేయించాలి. ఆలస్యమే అక్కడ ముప్పు. పేగు మెలిపడినా, కడుపులో పుండు పగిలినా అంతే. కాని మోకాలి నొప్పి పదేళ్లుగా ఉన్నది. దానికి ఆపరేషను ఈ నెలలో కాక రెండు నెలల తరువాత చేయించుకొన్నా మోకాలికి వచ్చే నష్టం ఏమీ ఉండదు. ఆ రెండు నెలలే పెద్దవారి చేతిలో ఉన్న ఆస్తి.

మన ఇళ్లలో ఆ ఆస్తి ఎలా ఖర్చవుతుందో మీకు తెలియనిది కాదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న అబ్బాయికి మూడు వారాల సెలవు దొరుకుతుంది. టిక్కెట్టు కొంటాడు. వచ్చిన మూడవ రోజున అమ్మను సర్జనుకు చూపిస్తాడు, అయిదవ రోజున పరీక్షలు, ఏడవ రోజున ఆపరేషను. “మళ్లీ మళ్లీ ఎక్కడ వస్తాం, రెండు మోకాళ్లూ ఒకేసారి చేసేయండి” అన్న విన్నపం కూడా జతపడుతుంది. ఆ కుమారుడి ప్రేమను నేను శంకించడం లేదు. ఆ సెలవు సంపాదించడానికి అతడెంత ప్రయాసపడ్డాడో కూడా తెలుసు. అయితే అక్కడ తేదీని నిర్ణయించినది విమానం, తల్లి శరీరం కాదు. రెండు మోకాళ్లను ఒకే రోజున మార్చడం ఆరోగ్యంగా ఉన్నవారిలో, అనుభవజ్ఞుల చేతిలో జరుగుతున్నదే. వయసు మళ్లి, గుండెజబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్నవారిలో మాత్రం ఒక మోకాలికంటే ముప్పు స్పష్టంగా ఎక్కువ. నా సలహా ఏమిటంటే, ఆ సెలవును ఆపరేషనుకు కాక తరువాతి వారాలకు దాచుకోండి. లేదా ఒక రాకలో పరీక్షలు, సన్నాహం మొదలుపెట్టించి, మరుసటి రాకలో ఆపరేషను పెట్టుకోండి. వీడియో కాల్‌లో సర్జనుతో మాట్లాడటానికి విమానం ఎక్కనవసరం లేదు.

అన్ని ఆపరేషన్లూ ఒకటి కావు. కంటిశుక్లం తీయడం శరీరానికి దాదాపు భారమే కాదు. అమెరికాలో 19,000కు పైగా శుక్లం శస్త్రచికిత్సలను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ముందుగా రక్తపరీక్షలు, ఈసీజీ చేయించినవారికీ చేయించనివారికీ ఉపద్రవాలు సమానంగానే కనిపించాయి. పొట్ట తెరిచే శస్త్రచికిత్సలు, రొమ్ము ఎముక కోసే శస్త్రచికిత్సలు మరొక కొసన ఉంటాయి. మోకాలి మార్పిడి ఈ రెంటికీ నడుమ ఉన్నది. కాబట్టి “పక్కింటి తాతగారు 85 ఏళ్లకు ఆపరేషను చేయించుకొని మర్నాడే ఇంటికి వచ్చారు” అని ఎవరైనా చెబితే, ఏ ఆపరేషను అని ముందు అడగండి.

తరువాతి ఘట్టం ‘ఫిట్‌నెస్’. మన పట్టణాలలో ఇది ఒక కాగితం. ఈసీజీ, 2డి ఎకో, ఛాతీ ఎక్సరే, రక్తంలో చక్కెర, క్రియాటినిన్. అన్నీ చూసి గుండె వైద్యుడు సంతకం పెడతాడు. కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. ఆ పరీక్షలు వలసినవే. కాని ఎకో అన్నది మనిషి పడుకొని ఉండగా గుండె ఎలా ఉన్నదో చెబుతుంది. శస్త్రచికిత్స అనే పరుగుపందెంలో ఎలా ఉంటుందో చెప్పదు. అందుకే మేము మెట్ల గురించి అడుగుతాము. ఆగకుండా రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే గుండె, ఊపిరితిత్తులు ఒక మోస్తరు శ్రమకు సిద్ధంగా ఉన్నట్టే. మోకీళ్ల రోగులలో ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. వారు మెట్లు ఎక్కి ఏళ్లయింది. ఎందుకు ఎక్కరంటే మోకాలి నొప్పి వలన. గుండెలో మూసుకుపోతున్న నాళం ఉన్నా, ఛాతీనొప్పి వచ్చేటంతగా వారు ఎన్నడూ శ్రమపడలేదు. “గుండెనొప్పి ఎప్పుడూ రాలేదండీ” అన్నమాట నిజమే, కాని దానికి విలువ తక్కువ. మధుమేహం కూడా ఉంటే నొప్పి తెలియకపోవడానికి అదొక కారణం. అటువంటివారికి, మిగిలిన కారణాలు కూడా తోడైనప్పుడు, నడవకుండానే మందుతో గుండెను శ్రమపెట్టి చూసే పరీక్ష అవసరమవుతుందేమో గుండె వైద్యుని అడగవచ్చు.

ఆ కాగితం మీద కనిపించని అంశం మరొకటి ఉన్నది. దానిని దౌర్బల్యం అందాము. మామూలు మాటల్లో సత్తువ ఉడిగిపోవడం. లిండా ఫ్రీడ్ బృందం 2001లో దీనికి అయిదు గుర్తులు చెప్పింది: ప్రయత్నించకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలకు పైగా బరువు తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉండడం, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, శారీరక శ్రమ తగ్గిపోవడం. మూడు గాని అంతకు మించి గాని ఉంటే దౌర్బల్యం ఉన్నట్టు. ఒకటి రెండు ఉంటే దాని గడపలో ఉన్నట్టు. ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సకు వచ్చిన, 65 ఏళ్లు, అంతకు పైబడిన 594 మందిని ఈ గుర్తులతోనే పరీక్షించి అమెరికా వైద్యులు 2010లో ఫలితాలు వెల్లడించారు. దౌర్బల్యం ఉన్నవారిలో ఉపద్రవాల ముప్పు లేనివారితో పోలిస్తే సుమారు రెండున్నర రెట్లు. ఆసుపత్రి నుంచి తిన్నగా ఇంటికి వెళ్లలేక సంరక్షణ కేంద్రానికి వెళ్లవలసి రావడం అంతకంటే ఎన్నో రెట్లు. మన దేశంలో అటువంటి కేంద్రాలు దాదాపు లేవు. ఆ భారం మోసేది ఇంట్లో ఉన్న కోడలో, తానే 75 ఏళ్ల భార్యో. లెక్కలకు ఎక్కని ఉపద్రవం అది.

దీనిని ఇంట్లోనే స్థూలంగా గమనించవచ్చు. చేతులు లేని కుర్చీ నుంచి చేతి ఆసరా లేకుండా లేవగలరా? లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనుదిరిగి వచ్చి మళ్లీ కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతున్నది? 12 దాటితే ఆలోచించవలసినదే. 20, 25 అయితే ఆ సంగతి సర్జనుకు తప్పక చెప్పవలసినదే. మోకాలి నొప్పి వలన కూడా నడక మందగిస్తుంది కనుక ఈ ఒక్కదానితోనే తీర్పు చెప్పకూడదు. చేతి పట్టు చూడండి: ఊరగాయ సీసా మూత తీయగలరా, తడిబట్ట పిండగలరా? పాత జాకెట్లు, పాత చొక్కాలు వదులయ్యాయా? ఈ ఏడాది ఎన్నిసార్లు జారిపడ్డారు? ఏ ప్రయోగశాలా చెప్పలేని విషయాలివి. మీ ఇంటి గోడల మధ్య ఉన్నాయి.

మోకీళ్ల రోగులలో మరొక గొలుసు కనబడుతుంది. దాని మీద కొంచెం ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే మన ప్రాంతంలో ఇది ఇంటింటి కథ. పదేళ్ల నొప్పి అంటే పదేళ్ల నొప్పి మాత్రలు. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొన్న డైక్లోఫెనాక్, ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన సూదులు. ఈ మందులు రెండు పనులు చేస్తాయి. మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని తగ్గించి వాటిని మెల్లగా దెబ్బతీస్తాయి. కడుపులో పుండ్లు పుట్టించి, కంటికి కనబడకుండా కొద్దికొద్దిగా రక్తాన్ని పోనిస్తాయి. కొంతకాలానికి రక్తహీనత. ఆయాసం వస్తే ‘వయసు వలన’ అనుకుంటారు. ఆపరేషను ముందు పరీక్షలో హిమోగ్లోబిన్ 9 కనబడుతుంది. అప్పుడు ఏమి చేస్తారు? తేదీ దగ్గర పడింది కనుక ఒక సీసా రక్తం ఎక్కిస్తారు. అంకె మారుతుంది, కారణం మారదు. సరైన మార్గం వేరు. పురుషులలో 13, స్త్రీలలో 12 గ్రాములకు తక్కువ ఉంటే ఎందుకు తక్కువైనదో వెతకాలి. ఇనుము లోపమైతే ఆ వయసులో జీర్ణమండలంలో రక్తం ఎక్కడ పోతున్నదో చూడాలి. అరుదుగా పేగులో పుట్టకురుపు కూడా ఇలాగే బయటపడుతుంది. ఇనుము ఇచ్చి హిమోగ్లోబిన్ పెంచడానికి కొన్ని వారాలు పడుతుంది. వారాలు ఉన్నాయి కదా, వాడుకోండి.

అదే గొలుసులో మరొక కొక్కెం ఉన్నది. ‘వేళ్లతో చేసిన మందు’ అనీ, ‘నాటు మాత్ర’ అనీ ఇచ్చే కొన్ని పొడులలో, పేరు లేని చిన్న మాత్రలలో స్టీరాయిడ్లు కలిసి ఉంటాయి. వేసుకొన్న పూటనే నొప్పి మాయమై, ఆకలి పెరిగి, ముఖం గుండ్రంగా ఉబ్బితే అనుమానించాలి. నెలల తరబడి వాడినవారిలో శరీరం తన స్టీరాయిడును తాను తయారు చేసుకోవడం తగ్గించుకుంటుంది. ఆపరేషను ముందు భయపడి హఠాత్తుగా మానివేస్తే, శస్త్రచికిత్స ఒత్తిడిలో రక్తపుపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. కుట్లు మానడం, క్రిములను ఎదుర్కోవడం కూడా మందగిస్తాయి. ఆ పొట్లాలను దాచకండి. తెచ్చి మత్తు డాక్టరు బల్ల మీద పెట్టండి. ఆయన మందలిస్తే మందలిస్తాడు. తెలిసి ఉండడం ముఖ్యం.

దాచేవి ఇంకా ఉన్నాయి. “పొగతాగుతారా?” అని పురుషులనే అడుగుతాము. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలలో వయసు మళ్లిన స్త్రీలు ఎందరో నిప్పు నోటిలో ఉంచి అడ్డపొగ తాగుతారు. మరికొందరు కట్టెల పొయ్యి ముందు నలభై ఏళ్లు ఊదుగొట్టం పట్టినవారు. వారి ఊపిరితిత్తులు ఏ చుట్టల రాయుడికీ తీసిపోవు. పొగ మానితే లాభం ఉంటుంది, నాలుగు వారాలు గాని అంతకు మించి గాని మానితే మరింత లాభం. ఇక సాయంకాలపు పెగ్గు సంగతి. కొడుకు పక్కన కూర్చుని ఉండగా తండ్రి ఒప్పుకోడు, తండ్రి ముందు కొడుకు చెప్పడు. ఆసుపత్రిలో అది ఆగిపోగానే రెండవ మూడవ రోజులలో వణుకు, చెమటలు, భ్రమలు. తెలంగాణ జిల్లాలలో కల్లు తాగే పెద్దవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కల్లులో అల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేటు వంటివి కలపడం పలుమార్లు బయటపడిన సంగతే. ‘కల్లే కదా’ అనుకొన్నది నిజానికి నిద్రమాత్రల అలవాటు కావచ్చు. హఠాత్తుగా ఆగితే మూర్ఛలు కూడా రావచ్చు. ఈ ఒక్క ప్రశ్న కోసం నేను కుటుంబసభ్యులను బయటకు పంపి, పెద్దాయనతో రెండు నిమిషాలు ఏకాంతంగా మాట్లాడేవాడిని. ఆ రెండు నిమిషాలలో తెలిసినంత, కొన్నిసార్లు రెండు పుటల నివేదికలలోనూ తెలియలేదు.

మతి తప్పడం గురించి వేరుగా చెప్పవలసి ఉన్నది. మన పెద్దలు దీనిని సంధి అన్నారు. ఆపరేషనైన రెండవ రాత్రి, అంతవరకు చక్కగా మాట్లాడిన అమ్మ సెలైను గొట్టం పీకివేస్తుంది, చనిపోయిన అక్కతో మాట్లాడుతుంది, “నన్నిక్కడ ఎందుకు కట్టేశారు, ఇంటికి పోదాం పదండి” అంటుంది. కుటుంబం హడలిపోతుంది. మత్తు ఎక్కువైనదంటారు కొందరు, గాలి సోకినదంటారు కొందరు. ఇంకొక రకం కూడా ఉన్నది. రోగి ఏ గొడవా చేయకుండా, పిలిస్తే పలికీ పలకకుండా మగతగా పడి ఉంటాడు. “పాపం, విశ్రాంతి తీసుకుంటున్నారు” అనుకుంటారు. ఇదే ఎక్కువగా గుర్తింపబడకుండా పోతుంది. ముందునుంచీ జ్ఞాపకశక్తి తగ్గి ఉన్నవారిలో, చెవులు సరిగా వినబడనివారిలో, చూపు మందగించినవారిలో, నిద్రమాత్రలకు అలవాటుపడినవారిలో సంధి ముప్పు ఎక్కువ. చాలామంది కొన్ని రోజులలో తేరుకుంటారు. కొందరు మునుపటి స్థితికి పూర్తిగా రారు.

అందుచేత ఆపరేషనుకు ముందే మతిని కూడా పరీక్షించాలి. మూడు మాటలు చెప్పి, గడియారం బొమ్మ వేయించి, ఆ మూడు మాటలూ మళ్లీ చెప్పమనే చిన్న పరీక్ష ఒకటి ఉన్నది. బడికి వెళ్లని మన పెద్దవారికి గడియారం బొమ్మ వేయడం అన్యాయమైన పరీక్ష. వారిని చిల్లర లెక్క అడగడం, మాత్రలు ఎవరు గుర్తుచేస్తున్నారో అడగడం మేలు. ఇక్కడ బిడ్డలకు ఒక మనవి. ప్రశ్న అమ్మను అడిగినప్పుడు అమ్మనే చెప్పనివ్వండి. “ఆవిడకేం తెలియదు డాక్టరుగారూ, నేను చెబుతాను” అని మీరు అందుకొన్నప్పుడు, ఆమెకు నిజంగా ఎంత తెలుస్తున్నదో కనిపెట్టే అవకాశం మాకు పోతుంది.

సంధిని కొంతవరకు నివారించవచ్చు. అమెరికాలో యేల్ వైద్యులు 70 ఏళ్లు, అంతకు పైబడిన 852 మంది ఆసుపత్రి రోగులతో చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు వైద్యం పొందినవారిలో 15 శాతానికి సంధి రాగా, ప్రత్యేక శ్రద్ధ తీసుకొన్నవారిలో 9.9 శాతానికే వచ్చింది. వారు శస్త్రచికిత్స రోగులు కారు గాని, ఆ పద్ధతులే తరువాత శస్త్రచికిత్స వార్డులలోకీ వచ్చాయి. ఆ ప్రత్యేక శ్రద్ధలో ఖరీదైనదేమీ లేదు. కళ్లజోడు, వినికిడి యంత్రం అందుబాటులో ఉంచడం, తగినన్ని ద్రవాలు, పగలు లేపి నడిపించడం, రాత్రి నిద్ర చెడగొట్టకపోవడం, ఇది ఏ రోజు, ఏ ఊరు అని మాటల్లో గుర్తుచేయడం. మన ఆసుపత్రులలో ఆపరేషను గదికి తీసుకువెళ్లేటప్పుడు కళ్లజోడు, కట్టుడుపళ్లు, వినికిడి యంత్రం తీసి సంచిలో వేసి ఇస్తారు. ఆ సంచి అల్మారాలోకి చేరి, అయిదు రోజుల తరువాత ఇంటికి వెళ్లేటప్పుడు బయటపడుతుంది. ఆ అయిదు రోజులు ఆ మనిషి చూపు లేని, వినికిడి లేని లోకంలో ఉన్నాడు. స్పృహ రాగానే ఆ సంచి విప్పడం మీ పని అని గుర్తుంచుకోండి.

తిండి విషయం మన వాళ్లతో మాట్లాడటం కష్టం. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, పెరుగు జలుబు అంటూ ఆపరేషనైన మనిషిని చారన్నం మీద నెలరోజులు ఉంచే ఇళ్లను ఎన్నో చూశాను. కుట్లు మానడానికి వలసినది మాంసకృత్తులు. పప్పు తింటే చీము పట్టదు. తినకపోతే గాయం మానక చీము పట్టవచ్చు. జబ్బుతో ఉన్న వృద్ధులకు రోజుకు శరీరపు బరువులో ప్రతి కిలోకూ 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని పోషకాహార నిపుణులు చెబుతారు. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు మాత్రమే. చారన్నంతో ఆ లెక్క ఎక్కడ తీరుతుంది? పాలు, పెరుగు, పప్పు, గుడ్లు, చేపలు, ఇవి ఆపరేషనుకు ముందు వారాలనుంచే పెంచాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి పెంచుకోవాలి. అలాగే, ముందు రోజు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్న పాత నియమం. సాధారణంగా అల్పాహారం ఆరు గంటల ముందు వరకు, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు తీసుకోవచ్చు. పాలు, మజ్జిగ మంచినీళ్ల లెక్కలోకి రావు. మీ విషయంలో ఎంతవరకో మత్తు డాక్టరును అడగండి. మధ్యాహ్నం ఆపరేషను ఉన్న 80 ఏళ్ల మనిషిని ముందు రాత్రి నుంచి గొంతు ఎండబెట్టడం వలన ఒరిగేదేమీ లేదు.

మందుల విషయంలో ఒకటి రెండు హెచ్చరికలు మాత్రం చేస్తాను. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే చక్కెర మాత్రలు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు, గుండె కోసం కూడా. వీటిని ఆపరేషనుకు మూడు రోజుల ముందే ఆపవలసి ఉంటుంది. లేకుంటే చక్కెర పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం పేరుకొనే ప్రమాదం ఉన్నది. చక్కెర మామూలుగా కనబడటం వలన దానిని గుర్తించడం ఆలస్యమవుతుంది. మెటోప్రోలాల్, అటెనోలాల్ వంటివి వాడుతున్నవారు తమంతట తాము హఠాత్తుగా మానకూడదు. గుండెలో స్టెంటు వేసి కొన్ని నెలలే అయితే, రక్తం పలుచబరిచే మాత్రలు ఆపడం అన్నది సర్జను, గుండె వైద్యుడు కలిసి తేల్చవలసినది. ఆపరేషనునే వాయిదా వేయడం తరచుగా ఉత్తమం. కాబట్టి మాత్రల పేర్లు రాసుకొని రాకండి. మాత్రలే సంచిలో వేసుకొని రండి.

ఇన్ని చెప్పిన తరువాత, ఆ ఆరు, ఎనిమిది వారాలలో చేయవలసినది ఏమంత క్లిష్టం కాదు. రోజూ నడక, నడవలేనివారు కుర్చీలో కూర్చొనే తొడ కండరాల వ్యాయామం, చేతుల వ్యాయామం. మూడు బంతులు పైకి లేచే ఊపిరి పరికరం మందుల దుకాణంలో దొరుకుతుంది. దానిని ఆపరేషనైన తరువాత నొప్పిలో నేర్చుకోవడం కంటే ముందే నేర్చుకోవడం సులువు. పడక మీద ఉండటం ఎంత ఖరీదైనదో తెలియడానికి ఒక ఉదాహరణ: ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అమెరికన్ పరిశోధనలో, వారి కాళ్ల కండ సుమారు ఒక కిలో తగ్గింది. పది రోజులలో పోయినది తిరిగి రావడానికి నెలలు కావాలి. ముందుగా కొంత కూడబెట్టుకొన్నవారికి పోయినా మిగులుతుంది.

చివరిగా, పెద్దవారినే అడగండి. ఆపరేషను వలన వారు ఏమి ఆశిస్తున్నారో చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నాకు గుర్తున్నారు, 76 ఏళ్లు. హిమోగ్లోబిన్ 9.2. నడక బాగా మందగించింది. కొడుకులిద్దరూ రెండు మోకాళ్లకూ తేదీ తీసుకొని వచ్చారు. “ఆపరేషనైతే ఏం చేయాలని ఉంది పెద్దమ్మా?” అని అడిగాను. “నేల మీద పీట వేసుకు కూర్చుని నోము నోచుకోవాలి బాబూ, ఆరేళ్లయింది” అన్నారు. కృత్రిమ మోకాలితో నేల మీద బాసిపట్టు వేసి కూర్చోవడం సాధారణంగా వద్దంటారని చెప్పవలసి వచ్చింది. ఆమె కొడుకుల వంక చూశారు. కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. “మరి అయితే ఎందుకయ్యా?” అన్నారు ఆమె.

ఆ ఏడాది ఆపరేషను జరగలేదు. నొప్పి మాత్రలు ఆపించి, కడుపులో పుండుకు వైద్యం చేయించి, ఇనుము మొదలుపెట్టారు. చేతికర్ర ఇచ్చి, తొడలకు వ్యాయామం నేర్పారు. మరుసటి ఏడాది ఆమే తనంతట తాను వచ్చారు, చిన్న కొడుకును వెంటబెట్టుకొని. నోము కుర్చీలో కూర్చొని నోచుకొంటారట, పంతులుగారిని అడిగారట. ఇప్పుడు కావలసినది రాత్రిపూట నొప్పి లేకుండా నిద్రపోవడమూ, వీధి చివర కూతురి ఇంటికి నడిచి వెళ్లడమూ. ముందు కుడి మోకాలు ఒక్కటే చేయించుకొంటానన్నారు. హిమోగ్లోబిన్ 12 దాటింది. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి చూపించారు, నేను అడగకముందే.